యాస్కిన్ నోట శ్రీశ్రీ

గత సంచికలో మేడ్చల్ వైపు ఇంజనీరింగ్ చదువుతున్న ఒక కుర్రాడి వ్యాసం వేశాం. 'కల్కి 2898 ఏడీ' రెండో భాగంలో కథ ఎటు పోతుందో ఊహిస్తూ రాసిన వ్యాసం. దానికి వచ్చినన్ని తిట్లు ఈ మధ్యకాలంలో ఈ పత్రిక ఏ కవితకూ సంపాదించుకోలేదు. ఒక పెద్దాయన చందా డబ్బు తిరిగి పంపమన్నారు. శామీర్‌పేటలో ఒక సాహిత్య సంస్థ వారు నెలవారీ సమావేశంలో ఆ వ్యాసం చదివిస్తామని పిలిచి, తీరా కుర్రాడు వెళ్లాక, సినిమా ముచ్చట్లు బయట మాట్లాడుకోమన్నారు. ఆ రోజు లోపల ఏం చదివారో మాకు తెలిసింది. దాని గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

విషయం తెలియనివారికి రెండు ముక్కలు. తొలి భాగం 2024 జూన్ 27న వచ్చింది. కథంతా సుమతి కడుపులోని బిడ్డ చుట్టూ తిరుగుతుంది. ఆ పాత్ర వేసిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండరని 2025 సెప్టెంబరు 18న వైజయంతీ మూవీస్ వారు ప్రకటించారు. అప్పట్నుంచి హాస్టల్ మెస్సుల్లో, తుర్కపల్లి టీ బంకుల దగ్గర ఒకటే చర్చ: సుమతి ముఖం మారుతుందా, పాత్రే పోతుందా, బిడ్డ పుట్టగానే తల్లిని చంపేస్తారా?

ఇలాంటి చిక్కు లోకంలో కొత్తది కాదు. బీబీసీ వారి 'డాక్టర్ హూ'లో నాయకపాత్ర వేసిన విలియం హార్ట్‌నెల్ 1966లో తప్పుకుంటే, ఆ పాత్రకు ఒళ్లు మార్చుకునే శక్తి ఉందని కథలోనే కలిపేశారు. 1989లో ఆగి 2005లో మళ్లీ మొదలైన ఆ సీరియల్ ఇప్పటికీ ఆ ఉపాయం మీదే బతుకుతోంది. అమెరికాలో 1978 నాటి 'బాటిల్‌స్టార్ గెలాక్టికా'ను 2003లో రీబూట్ చేసినప్పుడు స్టార్‌బక్ అనే మగ పైలట్‌ను ఆడపిల్లను చేశారు. పాత అభిమానులు భగ్గుమన్నారు, మొదట ఆ పాత్ర వేసిన నటుడితో సహా. (ఆ కొత్త సీరియల్ టైటిల్ సంగీతంలో గాయత్రీ మంత్రం వినిపిస్తుంది. మన ఆచారవంతుల చెవిన పడినట్టు లేదు.) మనకైతే ముఖం మారడం సమస్యే కాకూడదు. 'పాండవోద్యోగ విజయాలు' ఆడిన రాత్రి పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు దిగినా ఎవరూ చాప చుట్టుకుని లేచిపోలేదు. జెమినీ టీవీ 'అమృతం'లో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ అమృతరావులే. అదే అమృతాన్ని 2014లో కొత్త ముఖంతో చంద్రుడి మీదికి పంపి 'చందమామలో అమృతం' తీస్తే మాత్రం పాత ప్రేక్షకులు సణిగారు. ఇంట్లో ఒప్పుకున్న మార్పు చంద్రుడి మీద ఎందుకు రుచించలేదో ఏ విమర్శకుడైనా చెబితే వినాలని ఉంది.

కుర్రాడి వ్యాసంలో మాకు బాగా నచ్చింది శాపం లెక్క. సౌప్తికపర్వంలో అశ్వత్థామకు కృష్ణుడిచ్చిన శాపం మూడు వేల ఏళ్లు. క్రీస్తుపూర్వం 3102లో కృష్ణావతారం ముగిసిందనుకుని అక్కడి నుంచి ఆరు వేల ఏళ్లు కలిపితే 2898 వస్తుందని దర్శకుడు నాగ్ అశ్విన్ చెప్పారు. (సున్నా సంవత్సరం లేదు గనుక అది 5999 అని కుర్రాడు అడుగున చిన్నక్షరాల్లో రాశాడు. ఈ చాదస్తం ఉన్నవాడు పరిశోధనకు పనికొస్తాడు.) యుద్ధం అంతకు 36 ఏళ్ల ముందు జరిగిందని సంప్రదాయం. అంటే శాపం గడువు క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలోనే తీరిపోయింది. మరి శాతవాహనుల నాటి నుంచీ సినిమాలో ఆ ముసలాయన కాశీలో ఎందుకు కూర్చున్నట్టు? శాపం తీరినా తప్పు తీరలేదని, శిక్షను తనకు తానే పొడిగించుకున్నాడని కుర్రాడి థియరీ. ఉత్తర కడుపులోని పిండం మీద అస్త్రం వేసినవాడు మరో కడుపుకి కాపలా కాసేదాకా అక్కడి నుంచి లేవడట. సినిమాలో ఆ పని కృష్ణుడే అప్పగించాడు కదా అనవచ్చు. వ్యాసుడు రాసిన శాపంలో ఆ షరతు లేదు. ఆ షరతు ఎందుకు కావలసివచ్చిందన్నదే కుర్రాడి ప్రశ్న. దీన్ని వ్యాఖ్యానం అనకపోతే మరేమంటారు?

మూలం చెడగొట్టారన్న గోల 2024లోనే అయింది. బి.ఆర్. చోప్రా సీరియల్లో భీష్ముడు వేసిన ముఖేశ్ ఖన్నా, అశ్వత్థామ నుదుటి మణిని కృష్ణుడు తీసుకున్నట్టు చూపడం తప్పన్నారు. సరే, ఒప్పు ఏది? భారతంలో అశ్వత్థామ తానే ఇచ్చేస్తాడు. భాగవతంలో అర్జునుడు కత్తితో కోసి తీస్తాడు. మన పురాణాలకే లేని ఏకాభిప్రాయం సినిమాకు ఎక్కణ్నుంచి తెస్తాం? వ్యాసుడికి తెలియని శశిరేఖను 1957లో 'మాయాబజార్'లో చూసి మురిసిపోయినవాళ్లం. ఇక నన్నయ ఆపిన అరణ్యపర్వాన్ని వదిలి తిక్కన విరాటపర్వం ఎత్తుకుంటే, ఆ అరణ్యపర్వాన్ని ముట్టుకోవడం అరిష్టమని ఒక కథ పుట్టింది. అదీ అభిమానుల థియరీయే, కాకపోతే తాటాకుల కాలం నాటిది. ఎర్రన పట్టించుకోకుండా మిగిలింది పూరించి ఆ పుణ్యం రాజరాజ నరేంద్రుడికే వదిలేశాడు. ఆయన్ని ప్రబంధపరమేశ్వరుడన్నాం. కుర్రాణ్నేమో గుమ్మంలోంచి పంపేశాం.

అసలు మా కడుపుమంట వేరే ఉంది. తొలి భాగం చివర్లో ప్రతినాయకుడు సుప్రీం యాస్కిన్ గర్భం నుంచి తీసిన సీరం చుక్కతో ఒళ్లు నిలబెట్టుకుని గాండీవం ఎత్తుతాడు. అప్పుడు కమల్ హాసన్ నోట పలికేది శ్రీశ్రీ 'జగన్నాథుని రథచక్రాలు'. బతుకులో ఓడినవాళ్లకు నేనున్నానని చెప్పడానికి రాసిన కవిత, ఆడవాళ్ల గర్భాలు పిండుకుని బతికే నియంత నోట! కోట్లమంది విన్నారు. 'మహాప్రస్థానం' పేరు చెప్పి శాలువాలు కప్పుకున్న మన వేదికల్లో ఎన్నింటికి ఉలుకు పుట్టింది? ఒక్క తీర్మానమైనా, కనీసం ఒక్క కోపపు ఉత్తరమైనా మా కంటపడలేదు. జయంతికి దండ, వర్ధంతికి దండ. మధ్యలో కవితను ఎవరు ఎత్తుకుపోయినా మనకు పట్టదు. అది పట్టింది ఈ కుర్రకారుకే. నియంతలందరూ విప్లవకారుల మాటలు దొంగిలిస్తారని ఒకడంటాడు. కాదు, యాస్కిన్ ఒకప్పుడు నిజంగానే ఆ కవిత నమ్మినవాడు, అందుకే ఇంత ప్రమాదకారి అని ఇంకొకడు. గాండీవం లొంగింది, కవితా లొంగింది, ఎత్తగలిగినవాడిదే ఆయుధమని మూడోవాడు. మేము మొదటివాడి వైపు. కానీ మూడోవాడి మాట రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. శ్రీశ్రీ మీద ఇలాంటి ఇబ్బందికరమైన ప్రశ్న ఏ సదస్సులో విన్నామో గుర్తు చేసుకోండి, మేము ఆగుతాం.

ఇవి ఊసుపోక కబుర్లని కొట్టిపారేసేవారు ఈ పిల్లలు ఉండే చోటు ఒకసారి చూడాలి. ఆ సినిమాలో కాశీ ఎండి, తుక్కు ఏరుకుని బతుకుతుంది. నీళ్లూ పచ్చదనమూ ఉన్న కాంప్లెక్స్ నెత్తిమీద తలకిందుల పిరమిడ్‌లా వేలాడుతుంది. మన నగరం చెత్త పోసే డంపింగ్ యార్డు జవహర్‌నగర్లో ఉంది. గాలి తిరిగిందంటే దమ్మాయిగూడ కిటికీలు మూసుకుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద మేడ్చల్, శామీర్‌పేట ఎగ్జిట్ల మధ్య లేస్తున్న గేటెడ్ కమ్యూనిటీల హోర్డింగుల్లో సరస్సులు, పచ్చిక బయళ్లు. ఇక్కడి పిల్లవాడు కాంప్లెక్స్‌ను ఊహించుకోనక్కర్లేదు, బస్సు కిటికీలోంచి చూస్తాడు. జీనోమ్ వ్యాలీలో టీకాల ల్యాబుకు షిఫ్టుల్లో వెళ్లే ఒకమ్మాయి మాకు ఫోన్ చేసి సీరం గురించి అరగంట మాట్లాడింది. ఆ చుక్కను ఏ ఉష్ణోగ్రతలో దాచారు, కోల్డ్ చెయిన్ ఎవరు చూశారు, అన్నిటికీ మించి, యాస్కిన్ ల్యాబులో పనిచేసే మామూలు ఉద్యోగులు రాత్రి ఇంటికి వెళ్లి ఏమని చెప్పుకునేవాళ్లు? ఈ చివరి ప్రశ్న వేసిన రచయిత తెలుగులో ఇంకా పుట్టలేదు.

వ్యూస్ కోసం అల్లే చెత్త థియరీలు, హీరోల పేరిట బూతులు కూడా ఉన్నాయి. ఉన్నాయి, అవధానాల్లోనూ అప్రస్తుత ప్రసంగం ఉంటుంది.

వచ్చే సంచికలో ఆ ల్యాబు అమ్మాయి వ్యాసం ఆరు పేజీలు వేస్తున్నాం. కుర్రాడు గాండీవం మీద రెండో భాగం రాస్తున్నాడు. 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ భాగాలు రెండూ చూశాకే ఇస్తానన్నాడు కాబట్టి కాస్త ఆలస్యం కావచ్చు. సినిమా చూడని పెద్దల సౌకర్యం కోసం కథాసారం పేజీ అడుగున ఇస్తాం.