రెండో సంతకానికి సిద్ధమేనా?

2018 డిసెంబరు 1. టొరంటో మేపుల్ లీఫ్స్ అనే కెనడా ఐస్ హాకీ జట్టుకూ, విలియం నైలాండర్ అనే 22 ఏళ్ల స్వీడన్ కుర్రాడికీ మధ్య నెలల తరబడి సాగిన జీతం బేరానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం 5 గంటల్లోగా సంతకం పడకపోతే ఆ సీజన్ మొత్తం అతను లీగ్‌లో ఆడటానికి వీల్లేదు. సీజన్ మొదలై అప్పటికే దాదాపు రెండు నెలలైంది. చివరికి గడువుకు నిమిషాల ముందు ఒప్పందం కుదిరింది. ఆరేళ్లకు సుమారు 4.5 కోట్ల డాలర్లు.

'కోట్ల డాలర్ల ఆటగాళ్ల గొడవ నాకెందుకు? నాకింకా ఆఫర్ లెటరే రాలేదు' అంటారా? ఆ అంకెల్ని కాసేపు పక్కన పెట్టండి. ఆ కుర్రాడు ఉన్న చోటికే మీరూ రెండు మూడేళ్లలో చేరుకుంటారు. మొదటి ఉద్యోగం అయిపోతుంది, రెండో ఒప్పందం ముందుంటుంది. మీ కెరీర్‌లో అసలైన మొదటి బేరం అదే. మనలో చాలామంది దానికి ఏ మాత్రం సిద్ధపడకుండా వెళ్తాం. నేనూ అలాగే వెళ్లా.

మూడు మెట్లు

అమెరికా, కెనడాల్లో జరిగే నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, ఇప్పుడు 32 జట్లున్నాయి. ఇక్కడ ఆటగాడి కెరీర్‌కు మూడు మెట్లు ఉంటాయి.

మొదటిది ఎంట్రీ లెవెల్ కాంట్రాక్ట్. 18 నుంచి 21 ఏళ్ల మధ్య సంతకం చేస్తే మూడేళ్లు ఉంటుంది. జీతానికి పైహద్దు ఉంటుంది. నైలాండర్ తరానికి అది ఏడాదికి 9.25 లక్షల డాలర్లు, పనితీరు బోనస్‌లు వేరు. ఎంత గొప్ప కుర్రాడైనా ఆ హద్దు దాటలేడు. మన క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో అందరికీ ఒకే ప్యాకేజీ ఉన్నట్టే.

మూడోది పూర్తి స్వేచ్ఛ. 27 ఏళ్లు నిండినా, లేదా లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తయినా, ఒప్పందం ముగిశాక ఏ జట్టుకైనా వెళ్లొచ్చు.

ఈ రెండింటి మధ్య మెట్టు మీద ఉన్నవాడే రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్. ఒప్పందం అయిపోయింది కానీ స్వేచ్ఛ సగమే. పాత జట్టు 'క్వాలిఫైయింగ్ ఆఫర్' అనే కనీస ప్రతిపాదన ఇస్తే చాలు, అతని మీద హక్కులు ఆ జట్టు దగ్గరే ఉంటాయి. వేరే జట్టు 'ఆఫర్ షీట్' ఇవ్వొచ్చు. కానీ పాత జట్టు ఏడు రోజుల్లో అవే షరతులకు ఒప్పుకుంటే ఆటగాడు అక్కడే ఉండాలి. ఐపీఎల్ వేలంలో రైట్ టు మ్యాచ్ తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పాత జట్టు వదులుకుంటే, కొత్త జట్టు దానికి పరిహారం ఇవ్వాలి. ఆ జీతాన్ని బట్టి రాబోయే డ్రాఫ్ట్‌లలో తన ఎంపిక హక్కుల్ని అప్పగించాలి.

జట్టు వైపు నుంచీ చూడండి. 2005 నుంచి ఈ లీగ్‌లో గట్టి జీతాల పరిమితి ఉంది. 2024–25లో ఒక్కో జట్టుకు అది 8.8 కోట్ల డాలర్లు. కుర్రాడి దగ్గర మిగిల్చిన ప్రతి డాలరుతో ఇంకొకరిని తెచ్చుకోవచ్చు. అందుకే జట్టు గట్టిగా బేరమాడుతుంది. అది పగ కాదు, లెక్క. హెచ్‌ఆర్ మీకు 'బడ్జెట్ ఇంతే' అన్నప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి.

'నో' చెప్పడానికి ఎంత ఖర్చు?

ఇలాంటి కుర్రాడి చేతిలో ఉన్న ప్రధాన ఆయుధం ఒక్కటే: ఆడకుండా కూర్చోవడం. దానికి ఖర్చుంది. నైలాండర్ అంతకు ముందు రెండు సీజన్లలోనూ 61 పాయింట్ల చొప్పున సాధించాడు. ఐస్ హాకీలో గోల్ కొట్టినా, గోల్‌కు పాస్ ఇచ్చినా పాయింటే. ఆలస్యంగా వచ్చిన ఆ సీజన్లో 54 మ్యాచ్‌లు ఆడి 27 పాయింట్ల దగ్గరే ఆగాడు. లయ తిరిగి అందుకోవడానికి టైమ్ పట్టింది.

బోస్టన్ బ్రూయిన్స్ గోల్‌కీపర్ జెరెమీ స్వేమన్‌ది ఇంకో కథ. 2023లో అతని జీతాన్ని ఆర్బిట్రేషన్‌లో తేల్చారు. ఏడాదికి 34.75 లక్షల డాలర్లు. మరుసటి ఏడాది బేరం మళ్లీ బిగిసింది. శిక్షణ శిబిరం మొత్తం పోయింది. జట్టు ప్రెసిడెంట్ విలేకరుల ముందే ఆఫర్ అంకె బయటపడేలా మాట్లాడాడు, ఏజెంట్ దాన్ని ఖండించాడు. సీజన్ తొలి మ్యాచ్‌కు రెండు రోజుల ముందు ఎనిమిదేళ్లకు 6.6 కోట్ల డాలర్లకు సంతకం అయ్యింది. కానీ ఆ సీజన్లో అతని సేవ్ శాతం .916 నుంచి .892కి పడిపోయింది. కారణం బేరమేనని తేల్చి చెప్పలేం. కానీ సాధన పోయిన వారాల్ని ఏ ఒప్పందమూ తిరిగివ్వదు.

ఇక్కడ ఇంకో మాట దాచకుండా చెప్పుకోవాలి. నైలాండర్ తండ్రి మైకేల్ కూడా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడినవాడే. జీతం లేని రెండు నెలలు ఆ ఇంటికి భారం కాదు. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ ఉన్న ఇంట్లో పరిస్థితి అది కాదు. 'నో' అనే మాట అందరికీ ఒకే ధరకు దొరకదు. కాబట్టి ధైర్యం గురించి మాట్లాడే ముందు బ్యాంకు ఖాతా గురించి మాట్లాడుకుందాం. మూడు నాలుగు నెలల ఖర్చు, ఈఎంఐతో కలిపి, పక్కన ఉన్న రోజున మీ గొంతు మారుతుంది. మొదటి జీతంతో కొత్త ఫోన్ కొనొద్దని చెప్పడం లేదు. ఆ డబ్బు ఎప్పటికైనా మీ తరఫున మాట్లాడుతుందని చెబుతున్నా.

ఎంత అన్నదే కాదు, ఎన్నాళ్లు అన్నదీ ముఖ్యమే

మన బేరాలన్నీ ఒక్క అంకె చుట్టూ తిరుగుతాయి. హాకీ కుర్రాళ్లు దానితో పాటు కాలవ్యవధి గురించీ అంతే గట్టిగా పట్టుబడతారు.

2013 జనవరిలో మాంట్రియల్ జట్టు డిఫెన్స్ ఆటగాడు పీకే సుబ్బన్ పెద్ద ఒప్పందం కోసం పట్టుబట్టి, చివరికి రెండేళ్లకు 57.5 లక్షల డాలర్లతో సరిపెట్టుకున్నాడు. దీన్ని బ్రిడ్జ్ డీల్ అంటారు. అంటే 'ముందు నిరూపించు, తర్వాత చూద్దాం' అని. అదే ఏడాది లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచాడు. 2014లో అదే జట్టు అతనికి ఎనిమిదేళ్లకు 7.2 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది.

కొలరాడో ఆటగాడు నేథన్ మెకినన్ ఇంకో దారి పట్టాడు. ఎంట్రీ ఒప్పందం కాగానే 2016లో ఏడేళ్లకు 4.41 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. అంటే ఏడాదికి 63 లక్షలు. ఆ తర్వాత ప్రపంచంలోని అత్యుత్తమ ఆటగాళ్లలో ఒకడయ్యాడు. ఆ స్థాయికి ఆ జీతం చాలా తక్కువని లీగ్ అంతా ఏళ్ల తరబడి చెప్పుకుంది. తర్వాతి ఒప్పందం ఎనిమిదేళ్లకు 10.08 కోట్లు. అంటే ఏడాదికి దాదాపు రెట్టింపు.

ఎవరిది తెలివి? ఇద్దరిదీ. సుబ్బన్ తక్కువ తీసుకుని త్వరగా మళ్లీ బేరానికొచ్చాడు. గాయమైతే ఏమీ మిగలదన్న రిస్క్ మోశాడు. మెకినన్ భద్రత కొనుక్కున్నాడు, దానికి ధర చెల్లించాడు. తప్పు ఎక్కడంటే, ఏది ఎంచుకుంటున్నామో తెలియకుండా సంతకం చేయడంలో. మూడేళ్ల బాండ్‌తో ఎక్కువ ప్యాకేజీ, బాండ్ లేకుండా కాస్త తక్కువ ప్యాకేజీ మీ ముందుంటే మీరు చేస్తున్నది కూడా ఇదే ఎంపిక.

షరతుల తేదీలు కూడా చూడండి. సుబ్బన్ పెద్ద ఒప్పందంలో, అతని అనుమతి లేకుండా వేరే జట్టుకు పంపకూడదన్న రక్షణ ఉంది. అది అమల్లోకి వచ్చేది 2016 జులై 1న. జట్టు జూన్ 29న అతన్ని నాష్‌విల్‌కు పంపేసింది. ఎవరూ నియమం తప్పలేదు. తేదీ అలా ఉంది, అంతే.

మన దగ్గర కూడా కాగితాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో మూడేళ్లు నిండకముందే మానేస్తే 2 లక్షల రూపాయలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 'బాండ్ అంటే ఉత్త బెదిరింపు' అని సీనియర్ చెప్పాడని సంతకం పెట్టేయకండి.

ఇంకో ఆఫర్ చేతిలో ఉంటే

2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ బ్లూస్ ఓ పని చేసింది. ఎడ్మంటన్ జట్టు జీతాల పరిమితి అంచున ఉందని గమనించి, దాని ఇద్దరు కుర్రాళ్లు ఫిలిప్ బ్రోబెర్గ్, డిలన్ హాలొవేలకు ఒకేసారి ఆఫర్ షీట్లు ఇచ్చింది. ఎడ్మంటన్ ఇద్దరినీ వదులుకుంది. అంతకు ముందు సీజన్లో 38 మ్యాచ్‌లలో 9 పాయింట్లే చేసిన హాలొవే, కొత్త చోట 77 మ్యాచ్‌లలో 63 చేశాడు. అవకాశం దొరికే చోటికి వెళ్లడం వల్ల జీతం ఒక్కటే మారదని దీని అర్థం.

అయితే ఆఫర్ షీట్ మీద సంతకం చేసినవాడు వెళ్లడానికి నిజంగా సిద్ధపడాలి. పాత జట్టు 'సరే, వెళ్లిరా' అంటే వెనక్కి తీసుకోలేడు. మీరూ ఇంకో కంపెనీ ఆఫర్‌ను మేనేజర్ ముందు పెట్టేముందు అదే ప్రశ్న వేసుకోండి. ఆయన 'ఆల్ ద బెస్ట్' అంటే వెళ్తారా? వెళ్లననుకుంటే ఆ కాగితం బయటికి తీయకండి.

లెక్క రాసుకున్నవాడిదే పట్టు

ఎన్‌హెచ్‌ఎల్ ఆర్బిట్రేషన్‌లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఏది సాక్ష్యం, ఏది కాదు అన్నది ముందే రాసిపెట్టారు. ఆట గణాంకాలు, ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, జట్టు విజయంలో పాత్ర, తనలాంటి ఆటగాళ్ల జీతాలు, ఇవన్నీ చెల్లుతాయి. పత్రికల్లో వచ్చిన పొగడ్తలు చెల్లవు. జట్టు ఆర్థిక పరిస్థితి చెల్లదు. పూర్తి స్వేచ్ఛ వచ్చాక వేరేవాళ్లు కుదుర్చుకున్న జీతాలు కూడా చెల్లవు. పోలిక సమానుల మధ్యే ఉండాలి.

ఇది సాధ్యమవడానికి కారణం అక్కడ జీతాలు బహిరంగం. 1990 ప్రాంతంలో ఆటగాళ్ల సంఘం ఆ వివరాల్ని బయటపెట్టడం మొదలుపెట్టింది. అంతవరకూ ఎవరికివారు చీకట్లో బేరమాడేవాళ్లు.

ఇప్పుడు నా సంగతి. బీటెక్ కాగానే చేరిన కంపెనీలో నాకు రెండేళ్ల బాండ్. అది ముగిసిన నెలలో ఇచ్చిన హైక్ లెటర్ మీద పది నిమిషాల్లో సంతకం చేశా, థాంక్స్ కూడా చెప్పా. కొన్ని వారాల తర్వాత టీ కొట్టు దగ్గర తెలిసింది, నేను పని నేర్పిస్తున్న కొత్త కుర్రాడి జీతం నాకంటే ఎక్కువని. కోపం కంపెనీ మీద వచ్చింది. రాత్రి కూర్చుని ఆలోచిస్తే, నేను అసలు అడగనేలేదు. అడుగుదామన్నా, రెండేళ్లలో ఏం చేశానో పది వాక్యాలు రాయలేకపోయా. చేయలేదని కాదు, రాసుకోలేదు.

అందుకే మీకు చెప్పేది ఇంతే. మొదటి రోజు నుంచే ఒక ఫైల్ పెట్టుకోండి. ఏ పని చేశారు, దాని వల్ల ఎంత టైమ్ లేదా డబ్బు మిగిలింది, ఎవరు మెచ్చుకున్నారు, నెలకు నాలుగు లైన్లు చాలు. ప్రొబేషన్, బాండ్ ముగిసే తేదీలు, అప్రైజల్ నెల, నోటీస్ పీరియడ్ అన్నీ ఒక్కచోట రాసుకోండి. మీతోపాటు చేరినవాళ్లతో, అదే పని చేసేవాళ్లతో జీతం గురించి మొహమాటం లేకుండా మాట్లాడండి. ఎనిమిదేళ్ల అనుభవమున్న అన్నయ్య ప్యాకేజీతో పోల్చుకోకండి, అది మీ కేసులో చెల్లని సాక్ష్యం.

ఆ హాకీ కుర్రాళ్లకు సంఘం ఉంది, ఏజెంట్ ఉన్నాడు, ప్రతి ఒక్కరి జీతమూ తెలుసు. కానీ లీగ్‌లో నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ లేదు. మీకు ఆ స్వేచ్ఛ ఉంది. బాండ్ అయిపోయి నోటీస్ పూర్తి చేస్తే మీ మీద ఏ కంపెనీకీ హక్కులుండవు. మీ దగ్గర లేనిది సమాచారం. అది ఎవరూ ఇవ్వరు, మీరే పోగుచేసుకోవాలి.

నైలాండర్ ఆ ఆరేళ్లూ ఆడాడు. 2024 జనవరిలో అదే జట్టు అతనితో ఎనిమిదేళ్లకు 9.2 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఈసారి సీజన్ మధ్యలోనే, గడువు కంటే నెలల ముందే, ఒక్క మ్యాచ్ కూడా పోకుండా.

ఈ ఏడాది మీ చేతికొచ్చే మొదటి ఆఫర్‌లో అంకె మార్చే అవకాశం బహుశా ఉండకపోవచ్చు. ఫర్వాలేదు, సంతోషంగా చేరండి. కానీ చేరిన రోజు రాత్రే ఆ ఫైల్ తెరిచి, మొదటి లైన్‌గా మీ రెండో సంతకం తేదీ రాసుకోండి.