తీరిక వేరు... ఖాళీ వేరు!

“అమెరికాలో అన్నిటికీ మిషన్లేనటగా! మీ చెల్లెలికి పనేముంటుంది, కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే!” ఈ మాట మా వీధిలో కనీసం పదిమంది నాతో అని ఉంటారు. వాళ్ళకి నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది, కొంత ఘోరమైన అబద్ధమూ ఉంది.

మా చెల్లెలి పురుటికి అమ్మ ప్రయాణం చేయలేని పరిస్థితి. అందుకని 2024 ఆగస్టులో నేను వెళ్ళి, 2025 జనవరి దాకా అక్కడే ఉన్నాను. మరిది పిహెచ్‌డి చేస్తున్న ఊరు అయోవా సిటీ. న్యూయార్క్, షికాగోల్లాంటి మహానగరం అనుకునేరు! అమెరికా నడిమధ్యన, మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న ఊరు. 2020 లెక్కల ప్రకారం జనాభా 74,828. ఒకప్పుడు ఆ రాష్ట్రానికి రాజధాని. 1857లో రాజధాని డెమోయిన్‌కి తరలిపోతే, పాత భవనం యూనివర్సిటీకి దక్కింది. 1847లో పుట్టిన ఆ యూనివర్సిటీలో ఇప్పుడు ముప్ఫైవేల పైచిలుకు విద్యార్థులు. ఊరికి అన్నం పెట్టేది అదే.

చేతిపనికి చిన్నతనం లేదు

నన్ను మొదట ఆకట్టుకున్నది అక్కడి పని పద్ధతి. యూనివర్సిటీ బస్సుల్లో టికెట్టు లేదు. ఆ బస్సులు నడిపేది ఎవరనుకున్నారు? విద్యార్థులే! 1972 నుంచీ అంతే. ఇరవై ఏళ్ళ అమ్మాయి పొద్దున అంత పెద్ద బస్సు నడిపి, మధ్యాహ్నం పుస్తకాల సంచీ తగిలించుకుని క్లాసుకు పోతుంది. మన దగ్గర ఆ దృశ్యాన్ని ఊహించండి... ముందు పెళ్ళి సంబంధాలు ఏమవుతాయోనని తల్లి కంగారు పడిపోదూ!

శీతాకాలం మంచు పడితే, ఆగిన ఇరవైనాలుగు గంటల్లో ఇంటి ముందు నడకదారి శుభ్రం చేయడం ఆ ఇంటివాళ్ళ బాధ్యత. ఊరి నిబంధన అది. పేరు మోసిన ప్రొఫెసరు కూడా పార పట్టుకుని మంచు ఎత్తాల్సిందే. మన లెక్చరరుగారు వీధి వాకిలి ఊడిస్తే ఊరంతా చెప్పుకోదూ?

అలాగని అంతా బంగారమేం కాదు. అయోవాలో కనీస వేతనం 2008లో పెట్టిన గంటకు 7.25 డాలర్లే. ఈ ఊరున్న జాన్సన్ కౌంటీ 2015లో దాన్ని పెంచుకుంటే, 2017లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి ఆ పెంపును కొట్టేసింది. పనికి గౌరవం ఉంది గానీ, ఆ గౌరవంతో అద్దె కట్టలేరు కదా! ఇక మన పిల్లల సంగతి. చదువుకోవడానికి వెళ్ళిన ఎఫ్-1 వీసా విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి ఇరవై గంటలు మించకుండా పనిచేయాలి. మా మరిది పాఠాలు చెప్పి తెచ్చుకునే జీతం ఆ ఇరవై గంటలదే. దాంతోనే ముగ్గురి కాపురం గడవాలి.

శనివారం సందడి

తీరిక దగ్గరా ఆ ఊరికి ఓ పద్ధతుంది. మే నుంచి అక్టోబరు దాకా శనివారం పొద్దున రైతుబజారు. సాయంత్రాలు పుస్తకాల షాపులో రచయితలు తమ కథలు తామే చదివి వినిపిస్తారు, టికెట్టు ఉండదు. యునెస్కో 2008లో ఈ ఊరిని ‘సాహిత్య నగరం’గా గుర్తించింది. 1967లో మొదలైన అంతర్జాతీయ రచయితల కార్యక్రమం కింద 1985లో ఓర్హాన్ పాముక్, 1998లో హాన్ కాంగ్ ఇక్కడికొచ్చి ఉన్నారు. ఇద్దరికీ తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. అక్కడ ఒక ఆవిడ కథ చదువుతుంటే వెనక వరసలో కూర్చుని విన్నాను. వంటింట్లో కుక్కరు కూతల మధ్య కథలు రాసుకునే నాకు, కథ వినడం కోసమే సాయంత్రం కేటాయించుకున్న మనుషుల్ని చూస్తే కాస్త అసూయ కలిగిన మాట నిజం.

ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారమైతే ఊరు ఊరే కాదు. కినిక్ స్టేడియంలో 69,250 మంది పడతారు. అంటే దాదాపు ఊరి జనాభా అంత! మెల్‌రోజ్ అవెన్యూ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తమ పచ్చికలో కార్లు పెట్టుకోనిచ్చి డబ్బు తీసుకుంటారు. ఒకరి తీరిక ఇంకొకరికి సంపాదన అన్నమాట. మొదటి క్వార్టరు అయ్యాక జనమంతా లేచి, పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రి కిటికీల వైపు తిరిగి చేతులూపుతారు. 2017లో మొదలైన ఆనవాయితీ అది. పై అంతస్తుల్లో జబ్బుతో ఉన్న పసివాళ్ళు అద్దాల వెనక నుంచి చేతులూపుతారు. చెప్పొద్దూ, నాకు ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ నిమిషంలో కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ స్టేడియంలోనే 2023 అక్టోబరు 15న అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఆడించారు. కెయిట్లిన్ క్లార్క్ జట్టు ఆట చూడ్డానికి 55,646 మంది వచ్చారు. అమ్మాయిల బాస్కెట్‌బాల్‌లో అది రికార్డు. ఇదే అయోవాలో 1993 వరకూ హైస్కూలు ఆడపిల్లలకి వేరే రకం బాస్కెట్‌బాల్ ఉండేది. జట్టుకి ఆరుగురు, ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. మధ్యగీత ఎవరూ దాటకూడదు! విద్యాసంస్థల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1972లో అమెరికా చట్టం చేసింది. ఆ ఏడాదికీ 2023కీ మధ్య ఆడపిల్ల ఎంత దూరం వచ్చిందో చూడండి.

చట్టం తలుపు తెరిస్తే ఆడపిల్ల అంత దూరం వెళ్ళగలదు. మరి అదే చట్టం తలుపు మూస్తే? ఆ సంగతి మా చెల్లెలి ఇంట్లో చూశాను.

పనీ కాదు, తీరికా కాదు

మా చెల్లెలు ఇంజినీరింగ్ చదివింది. హైదరాబాదులో ఓ కంపెనీలో నాలుగేళ్ళు ఉద్యోగం చేసింది. పెళ్ళయ్యాక ఎఫ్-2 వీసా మీద వెళ్ళింది. ఎఫ్-1 విద్యార్థి భార్యకో, భర్తకో, పిల్లలకో ఇచ్చే వీసా అది. ఆ వీసాతో ఒక్క డాలరు కూడా సంపాదించకూడదు. జీతమిచ్చి చేయించుకునే పనిని ‘ఊరికే చేసిపెడతాను’ అన్నా కుదరదు. నిజంగా సేవ అనదగ్గ పనికే అనుమతి.

ఇంకో చిత్రం వినండి. ఆ ఊళ్ళో పసిపిల్లల్ని చూసే కేంద్రాలకు కట్టాలంటే చదువుకునే దంపతులకు గుండె గుభేలుమంటుంది. పై అంతస్తులో ఉండే అమ్మాయి మా చెల్లెల్ని, “మా పాపని కూడా చూస్తారా, గంటకింతని ఇస్తాను” అని అడిగింది. ఇది చేయలేకపోయింది. డబ్బు తీసుకుంటే అది ఉద్యోగం, వీసా నిబంధన ఉల్లంఘన! అంటే సొంత పిల్లని చూసుకుంటే పని కిందికే రాదు. పక్కింటి పిల్లని చూసి డబ్బు తీసుకుంటే తప్పవుతుంది. పాలు పట్టడం అదే, జోకొట్టడం అదే!

మరి రోజంతా ఇది కాలు మీద కాలేసుకుని కూర్చుందా? పొద్దున అయిదింటికి పాప లేస్తే రాత్రి పదకొండుకి ఇది పడుకునేది. వంట, బట్టలు, చలిలో సరుకుల సంచులు... మిషన్లున్నాయి, నిజమే. గిన్నెలు మిషన్లో పేర్చడానికీ, తీసి సర్దడానికీ మనిషి కావాలి కదా! మరిది మంచివాడే, గిన్నెలు తోముతాడు, పాపని ఎత్తుకుంటాడు. కానీ “ఏం చేస్తున్నావ్?” అని ఎవరడిగినా ఇది “ఖాళీగా ఉన్నానండీ” అనేది. ఓ రాత్రి నాతో అంది: “అక్కా! నాకు ఇక్కడ బోలెడంత ఖాళీ ఉంది గానీ, తీరిక లేదే.”

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. తీరిక అంటే పని చేసి, అలిసి, మనకోసం మనం మిగుల్చుకునే కాస్త సమయం. పని చేసే హక్కునే తీసేస్తే మిగిలేది తీరిక కాదు, ఖాళీ. వారం రోజులూ ఖాళీ అన్నవాళ్ళకి శనివారం సందడి ఏం సంతోషమిస్తుంది?

మన దేశం సంగతి మాత్రం ఏం గొప్ప? 2024 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు జీతం లేని ఇంటిపనికి పెడుతున్నారని తేలింది. అయితే ఇక్కడ మా చెల్లెలు రేపు పొద్దున కావాలంటే ఉద్యోగంలో చేరగలదు. ఆ ‘కావాలంటే’ అన్న మాటే తేడా. అక్కడ అది లేదు.

న్యాయంగా రెండోవైపూ చెప్పాలి. విద్యార్థి వీసా ఇచ్చేది చదువుకే, కుటుంబం తోడు ఉండడానికే రెండో వీసా, తమ ఉద్యోగాలు తమవాళ్ళకే దక్కాలి అన్నది అమెరికా వాదన. ఏ దేశం హద్దులు ఆ దేశానివి. ఎఫ్-2 మీద వెళ్ళిన భర్తలకూ ఇదే రూలు. కాకపోతే నేను అక్కడ చూసిన మన తెలుగు కుటుంబాల్లో ఆ రెండో వీసా ఆడవాళ్ళ చేతుల్లోనే ఉంది.

2025 తెచ్చిన బెంగ

నేను తిరిగొచ్చాక పరిస్థితి ఇంకా బిగిసింది. 2024-25లో అమెరికాలో మన దేశపు విద్యార్థులు 3,63,019 మంది, అన్ని దేశాల్లోకీ ఎక్కువ. ఆ 2025లోనే మే నెలాఖరు నుంచి జూన్ మధ్య వరకూ విద్యార్థి వీసాలకి కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేశారు. ఆగస్టులో, చదువు పూర్తయ్యేదాకా ఉండనిచ్చే పద్ధతి తీసేసి, నాలుగేళ్ళు మించకుండా గడువు పెడతామని ప్రతిపాదన తెచ్చారు. పిహెచ్‌డి నాలుగేళ్ళలో అయ్యేది అరుదు. సెప్టెంబరులో, బయటి దేశంలో ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లన్నారు.

భర్త చదువయ్యి హెచ్-1బి ఉద్యోగంలో చేరితే భార్యకి హెచ్-4 వస్తుంది. దానితోనూ వెంటనే పని చేయడానికి లేదు. 2015లో ఇచ్చిన వెసులుబాటు ప్రకారం, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఓ దశ దాటితేనే పని అనుమతి. 2025 అక్టోబరులో ఆ వెసులుబాటును సవాలు చేసిన కేసుని సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. ‘హమ్మయ్య’ అనుకునేలోపే, అదే నెల 30 నుంచి పని అనుమతి దానంతటది పొడిగింపయ్యే సౌకర్యం తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే ఉన్న ఉద్యోగం వదులుకుని కూర్చోవాలి. ఎవరో సంతకం పెడితే ఓ ఇల్లాలి సోమవారం మారిపోతుంది. ఎంత చదివినా ఆమె పని ఆమె చేతిలో లేదు!

ఈ ప్రశ్నలు అడగండి

పెళ్ళికూతురి తల్లులకి నా మనవి. అమెరికా సంబంధం వద్దని చెప్పను. అబ్బాయి ఏ యూనివర్సిటీ, ఎంత జీతం అని అడిగే మనం, “మా అమ్మాయి ఏ వీసా మీద వస్తుంది? దానితో పని చేయొచ్చా? ఎన్నేళ్ళు చేయకూడదు?” అని కూడా అడగాలి. ఎఫ్-2 అయితే పని లేదు. 2015 నుంచి ఆ వీసా మీద కొద్దిపాటి కోర్సులు చదవొచ్చు, పూర్తి చదువు కుదరదు. అమ్మాయి తానే సీటు తెచ్చుకుని, ఫీజుకి దారి చూపించగలిగితే ఎఫ్-1కి మారొచ్చు. అబ్బాయిది జె-1 అయితే భార్యకిచ్చే జె-2తో పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, కొందరికి తర్వాత రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న షరతుంటుంది. నిబంధనలు నెలనెలా మారుతున్నాయి కనుక, సంబంధం ఖాయం చేసుకునే నాటికి ఏవి అమల్లో ఉన్నాయో చూసుకోవాలి.

వెళ్ళే అమ్మాయిలూ! మీ సర్టిఫికెట్లు, అనుభవ పత్రాలు అన్నీ దగ్గరుంచుకోండి. చదువు తెగిపోకుండా చూసుకోండి. “నువ్వు ఖాళీయే కదా” అని ఎవరన్నా అంటే మీ రోజంతా వరసగా చెప్పండి.

కట్నం, లాంఛనాల దగ్గర పైసాతో సహా లెక్కలు మాట్లాడుకునేవాళ్ళం, అమ్మాయి జీవితంలో నాలుగైదేళ్ళ లెక్క దగ్గర మొహమాటపడితే ఎలా?