కాటా గదిలో ఏ భాష?
గాజువాక ఆటోనగర్‌లో వేబ్రిడ్జికి సాఫ్ట్‌వేర్ అమ్మాలనుకునే కుర్రాళ్లు ముందు ఆ కాటా గదిలో ఓ పూట కూర్చోవాలి. తుక్కు లారీ ఎక్కగానే బరువు సీరియల్ కేబుల్‌లోంచి పాత కంప్యూటర్‌లోకి రావాలి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ చీటీ కొట్టాలి. వెనక లారీవాడు హారన్ ఆపడు. అలాంటి చోటికి క్రోమియం బ్రౌజర్‌ను మొత్తం మోసుకొచ్చే ఎలక్ట్రాన్ ఫ్రేమ్‌వర్క్ ఎందుకండీ? 1998 నాటి విజువల్ బేసిక్ 6 ఎడిటర్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2008లోనే ఆగిపోయినా, అందులో రాసిన ప్రోగ్రాములు విండోస్ 11 మీద కూడా నడుస్తున్నాయి. అలాగని కొత్తగా దాన్నే పట్టుకోమనను. నా ఓటు సీషార్ప్, విన్‌ఫామ్స్‌కే. వాటికి కావలసిన డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 విండోస్ 11తోనే వస్తుంది. ముస్తాబు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ 2025 సెప్టెంబర్ 22న మారినట్టు జీఎస్టీ రేట్లు మళ్లీ మారి చీటీలో లెక్క మార్చాల్సి వస్తే, రాసినవాడు ఈలోగా రుషికొండలో ఐటీ ఉద్యోగానికి వెళ్లిపోయినా, కోడ్ తెరిచి సరిదిద్దేవాడు ఊళ్లోనే దొరుకుతాడు.