నంబర్లు చేత్తో కొట్టడం ఇక ఆపుదాం

పోయిన నెల పోడు భూముల వినతిపత్రం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాం. లోపల ‘గ్రామసభ తీర్మానం: అనుబంధం 7’ అని రాశాం. తిప్పి చూస్తే 7లో ఎవరిదో రేషన్ కార్డు జిరాక్స్ ఉంది! ముందురోజు రాత్రి మధ్యలో రెండు కాగితాలు చేర్చాం. అనుబంధాల నంబర్లు జరిగాయి, లోపల రాసినవి పాతవే ఉండిపోయాయి. సరిచేసి తెమ్మన్నారు. బస్సు చార్జీలు, ఒకరోజు కూలి పోయాయి. తప్పు మాదే.

చేత్తో టైప్ చేస్తే చాలదా అని కొందరు తమ్ముళ్ళు అంటున్నారు. నాలుగు కాగితాలకైతే చాలు, నలభైకి చాలదు. వర్డ్‌లో ప్రతి అనుబంధానికీ క్యాప్షన్ పెట్టి, లోపల క్రాస్ రిఫరెన్స్‌తో పిలవాలి. ఏం చేర్చినా, చివర్లో కంట్రోల్ ఏ, ఎఫ్9 నొక్కితే అన్నీ సర్దుకుంటాయి. నొక్కకపోతే పాతవే ఉంటాయి, మళ్ళీ అదే కథ.

థీసిస్ రాసే అక్కలు, అన్నలు లేటెక్ వాడతారు. అందులో లేబుల్‌తో ఒక పేరు పెట్టి, రెఫ్‌తో ఆ పేరునే పిలుస్తాం. రెండుసార్లు రన్ చేయాలి: మొదటిసారి నంబర్లు పక్క ఫైల్లో రాసుకుంటుంది, రెండోసారి చదివి నింపుతుంది. పేరు తప్పు కొడితే ?? అని చూపిస్తుంది. మాకు నచ్చింది అదే. తప్పుడు నంబర్ కన్నా ?? నయం, కనీసం కంటికి కనబడుతుంది.

ఒక్క జాగ్రత్త. 1/70 చట్టం, 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1) లాంటివి మన వరుస నంబర్లు కావు, వాటి పేర్లే అవి. వాటిని చేత్తోనే కొట్టాలి, పుస్తకం పక్కన పెట్టుకుని మరీ.

ఆదివారం ఆ వినతిపత్రం మళ్ళీ కూర్చి రాస్తున్నాం. ల్యాప్‌టాప్ ఉన్నోళ్ళు తెచ్చుకోండి.