ఆవిడకేం తెలుస్తుంది!

మా పెద్దత్తయ్య తలకి దెబ్బ తగిలి నెల పైగా ఆస్పత్రిలో వుంది. కళ్ళు తెరుస్తుంది, మూస్తుంది, పిలిస్తే పలకదు. మొన్న చూడ్డానికొచ్చిన బంధువొకావిడ మంచం పట్టె మీద చెయ్యేసి, "ఇంతకీ ఆ గాజుల జత ఎవరికిస్తానందిట?" అని అడిగింది. నేను కళ్ళతో సైగ చేశాను. "ఆవిడకేం తెలుస్తుందిలేవే!" అని కొట్టిపారేసింది.

ఆ మాట మీదే నాకు పేచీ. తెలియదని ఈవిడకెల్లా తెలిసిందీ?

మన భాషలో బుద్ధినీ తెలివే అంటాం, స్పృహనీ తెలివే అంటాం. ఆస్పత్రి వరండాలో "తెలివొచ్చిందా?" అంటే లెక్కల్లో మార్కుల సంగతి కాదని అందరికీ తెలుసు. ఈ తెలివి మెదడులో ఎల్లా పుడుతుందో మాత్రం మహామహా పండితులకే అంతుపట్టలేదు. 1998లో జర్మనీలో బ్రేమెన్ అనే వూళ్ళో క్రిస్టోఫ్ కాఖ్ అనే మెదడు శాస్త్రజ్ఞుడూ, డేవిడ్ చాల్మర్స్ అనే తత్త్వవేత్తా పందెం వేసుకున్నారు. మెదడులో దాని జాడ ఇదీ అని పాతికేళ్ళలో తేలిపోతుందని కాఖ్, తేలదని చాల్మర్స్. 2023లో న్యూయార్కులో కాఖ్ నిండు సభలో ఓటమి ఒప్పుకుని ద్రాక్షసారా సమర్పించుకున్నాడు. మళ్ళీ 2048కి పందెం కాశారు! (మగవాళ్ళ పట్టుదల.)

వాళ్ళని నేను వెక్కిరించడం లేదు. తెలియలేదని ఒప్పుకున్న పెద్దమనుషులు. నా కోపమల్లా, తెలియనిదాన్ని "లేదు" కింద జమకట్టేసే వాళ్ళ మీద.

పసిపిల్లల విషయంలో ఏం జరిగిందో వినండి. 1980ల దాకా పై దేశాల్లో కూడా నెలలు నిండని బిడ్డలకి ఆపరేషన్ చేసేటప్పుడు చాలాచోట్ల కదలకుండా వుండే మందిచ్చేవారు గాని, నొప్పి తెలియకుండా వుండే మందు సరిగ్గా ఇచ్చేవారు కాదు. అంత లేత మెదడుకి నొప్పేం తెలుస్తుందని! అమెరికాలో ఒక తల్లి, 1985లో తన బిడ్డ గుండె దగ్గర అల్లాగే కోశారని తరవాత తెలుసుకుని, పత్రికల కెక్కి నిలదీసింది. అప్పటికి బిడ్డ దక్కలేదు. ఇండోరులో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డు వెళ్ళిన కన్వల్జీత్ ఆనంద్ 1987లో, నొప్పిమందిచ్చిన పిల్లల ఒంట్లో ఆ తల్లడింపు తగ్గిందనీ, ఆపరేషన్ తరవాత చిక్కులు కూడా తగ్గాయనీ చూపించాడు. అప్పుడుగాని పద్ధతి మారలేదు. ఏ బాలింతని అడిగినా అరనిమిషంలో చెప్పేది! తల్లి మాట రుజువు కాదంటారు. సరే. మరి "తెలియదు" అన్నదానికి వాళ్ళ దగ్గరున్న రుజువేమిటి?

పెద్దవాళ్ళ సంగతీ అంతే. 2006లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ ఓవెన్ బృందం, రోడ్డు ప్రమాదంలో దెబ్బ తిని పలుకూ ఉలుకూ లేని ఇరవైమూడేళ్ళ అమ్మాయిని యంత్రంలో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు వూహించుకోమన్నారు. తరవాత, మీ ఇంట్లో గది గదీ తిరుగుతున్నట్టు వూహించుకోమన్నారు. ఆరోగ్యంగా వున్నవాళ్ళ మెదడులో ఏ భాగాలు పనిచేస్తాయో ఆ అమ్మాయికీ అవే పనిచేశాయి! 2024లో అచ్చయిన పరిశోధనలో, చెప్పింది చేసే సూచనే కనబడని 241 మందిని ఇల్లాగే పరీక్షిస్తే 60 మంది మెదడు జవాబిచ్చింది.

"మరి తక్కినవాళ్ళో?" అంటారు. అదే పరిశోధనలో, చెప్పింది చేస్తున్నట్టు పైకే కనబడుతున్నవాళ్ళు 112 మంది వున్నారు. పరీక్ష వాళ్ళలో 43 మందినే పట్టుకోగలిగింది. కాబట్టి పరీక్షకి అందనంత మాత్రాన లేదనడానికి వీల్లేదు.

అయితే రాయికీ రప్పకీ కూడా మర్యాద చెయ్యమంటావా అని మా వారు ఎకసెక్కం చేశారు. రాయిని మనం నెల కిందటి దాకా అత్తయ్యా అని పిలవలేదండీ, అన్నాను. లేనిపోని ఆశ పెడుతున్నానని కూడా అనకండి. తెలుస్తున్నంత మాత్రాన ఆవిడ లేచి కూచుంటుందని నేనటం లేదు. లేవకపోవచ్చు. అప్పుడు గాజుల మాట ఆవిడ చెవిన పడటం మరీ ఘోరం కాదూ?

నేను మాత్రం సాయంత్రాలు వెళ్ళి, అత్తయ్యని వాళ్ళింట్లో గది గదీ తిప్పుతున్నాను, మాటలతోనే. నిన్న వంటింటి దాకా వచ్చాం. గాజుల సంగతి తేల్చుకోదలచినవాళ్ళకి వరండాలో బెంచీ వుంది.