మన కథలో విలన్ ఎవరు?

2020 అక్టోబరు. బీటెక్ అయిపోయింది. చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ డేట్ మాత్రం లేదు. ‘త్వరలో తెలియజేస్తాం’ అని ఒక మెయిల్ వచ్చింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆ కంపెనీ నుంచి చడీచప్పుడు లేదు. తెనాలిలో మా ఇంట్లో పగలంతా జాబ్ పోర్టళ్లలో అప్లికేషన్లు పెట్టడం, రాత్రి పదకొండు దాటాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కుంగ్‌ఫూ సినిమాలు చూడడం... ఇదీ నా టైమ్‌టేబుల్.

ఒకరోజు రాత్రి నాన్న మంచినీళ్ల కోసం లేచి, నా వెనక నిలబడి కాసేపు చూశారు. "వీడు కూడా గురువుగారిని చంపినవాణ్ని వెతుకుతున్నాడా?" అని అడిగారు. అవునన్నాను. "నిన్న చూసింది కూడా ఇదే కదరా?" అన్నారు. అదీ నిజమే. ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను. ఉద్యోగం కోసం తిరుగుతున్న కుర్రాడికి ఈ చౌక సినిమాల్లో ఏం కనబడుతుంది? సమాధానం దొరకడానికి నాకు చాలా కాలమే పట్టింది.

కథ బస్ టికెట్ వెనక పడుతుంది

ఈ సినిమాలు చూడనివాళ్ల కోసం కథ చెప్తాను. ఒక మంచి గురువు, లేదా ఒక అన్న ఉంటాడు. ఒక దుర్మార్గుడు ఉంటాడు. అన్యాయం జరుగుతుంది. హీరో ఆవేశంగా వెళ్లి తన్నులు తిని వస్తాడు. ఎవరో ఒక పెద్దాయన దగ్గర చేరి నేర్చుకుంటాడు. మళ్లీ వెళ్తాడు, ఈసారి తన్ని వస్తాడు. అంతే! పెదాలకి, డబ్బింగ్‌కి పొంతన ఉండదు. ఒకే వీధి సెట్టు పది సినిమాల్లో కనిపిస్తుంది.

అయినా ఈ కథకి చావు లేదు. 1989లో వచ్చిన ‘కిక్‌బాక్సర్’లో అన్నని రింగులో కుప్పకూల్చినవాడి మీద వాన్ డామ్ పగ తీర్చుకుంటాడు. 1999లో మన ‘తమ్ముడు’లో కూడా గాయపడిన అన్న, అప్పటిదాకా అల్లరిగా తిరిగిన తమ్ముడు, చివర్లో కిక్ బాక్సింగ్ రింగు. మా తరం పిల్లలు ఆ ట్రైనింగ్ సీన్లు టీవీలో ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. క్లైమాక్స్ తెలిసినా చూశారు. అంటే వాళ్లని కూర్చోబెట్టింది క్లైమాక్స్ ఒక్కటే కాదన్నమాట.

డబ్బు లేనిచోట ఒళ్లే పెట్టుబడి

బ్రూస్ లీ సంగతే చూడండి. అమెరికా టీవీలో 1966-67లో ‘ది గ్రీన్ హార్నెట్’లో హీరో పక్కన కేటోగా చేశాడు. అంత పేరొచ్చినా అక్కడ హీరో వేషం దక్కలేదు. హాంకాంగ్ తిరిగొచ్చాడు. 1970లో కొత్తగా పెట్టిన గోల్డెన్ హార్వెస్ట్ కంపెనీకి ‘ది బిగ్ బాస్’ చేశాడు. మన టీవీ షో కాదండోయ్! థాయ్‌లాండ్‌లో పాక్ చాంగ్ అనే చిన్న ఊళ్లో, తక్కువ ఖర్చుతో చుట్టేసిన సినిమా అది. 1971లో విడుదలై హాంకాంగ్‌లో అప్పటిదాకా ఉన్న వసూళ్ల రికార్డు బద్దలుకొట్టింది.

‘ది రెయిడ్’ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. గారెత్ ఎవాన్స్ అనే వేల్స్ దర్శకుడు ఇండోనేసియాలో ఒక పెద్ద సినిమా రాసుకున్నాడు. ఏడాదికి పైగా తిరిగినా దానికి డబ్బు పుట్టలేదు. సరే, ఉన్నంతలో ఏం చేయగలం అని ఆలోచించి, ఒకే ఒక్క అపార్ట్‌మెంట్ బిల్డింగులో జరిగే కథ రాశాడు. హీరో ఇకో ఉవైస్ సిలాట్ అనే వాళ్ల సంప్రదాయ యుద్ధవిద్య నేర్చుకున్నవాడు. ఎవాన్స్ కంటబడే నాటికి ఒక టెలికాం కంపెనీలో డ్రైవరు. 2011లో వచ్చిన ఆ సినిమా ఖర్చు సుమారు 11 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. అది ఆడాక, మొదట ఆగిపోయిన పెద్ద కథే 2014లో రెండో భాగంగా వచ్చింది.

ఇలాంటి సినిమాల్లో గ్రాఫిక్స్‌కి డబ్బుండదు. థాయ్‌లాండ్‌లో 2003లో వచ్చిన ‘ఓంగ్ బాక్’లో టోనీ జా దూకే దూకుడుని రెండు మూడు కోణాల్లో మళ్లీ మళ్లీ చూపిస్తారు. ‘చూశారుగా, తాడు లేదు, నిజంగానే దూకాడు’ అని రుజువు చూపించడమది. నిరుద్యోగిగా ఉన్నప్పుడు నన్ను పట్టేసింది ఈ రుజువే. మన రెజ్యూమెలో ‘స్కిల్స్: పైథాన్, జావా, టీమ్ వర్క్’ అని రాస్తాం. పక్కవాడూ అదే రాస్తాడు. ఎవరికి నిజంగా వచ్చో కాగితం చూస్తే తెలియదు. ఈ సినిమాల్లో హీరోకి రెజ్యూమె అక్కర్లేదు. కాలు లేపితే తెలిసిపోతుంది!

ముప్పై అయిదు గదులు

ఈ పేజీ చదివేవాళ్లు ఒక్క సినిమానే చూస్తానంటే, నేను చెప్పేది 1978లో వచ్చిన ‘ది థర్టీ సిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్’. దర్శకుడు లావ్ కార్ ల్యూంగ్, హీరో గోర్డన్ లియు. షా బ్రదర్స్ అప్పట్లో పెద్ద స్టూడియోనే గానీ, ఖర్చులో మాత్రం హాలీవుడ్‌తో పోలికే లేదు. మంచూ పాలకులు తనవాళ్లని చంపేస్తే, ఒక విద్యార్థి తప్పించుకుని షావోలిన్ ఆలయానికి చేరతాడు. కుంగ్‌ఫూ నేర్పమంటాడు. ముందు ఊడవడంతోనే కాలం గడుస్తుంది. చివరికి అవకాశం వస్తే, ఏ గది నుంచి మొదలుపెడతావని అడుగుతారు. మనవాడు నేరుగా అన్నిటికన్నా పైదైన 35వ గది కావాలంటాడు. అక్కడ నిలవలేక బయటపడతాడు. అడుగునుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

మొదటి గదిలో గుద్దులూ లేవు, తన్నులూ లేవు. భోజనశాలకి వెళ్లే దారిలో నీళ్లుంటాయి, నీళ్లలో తేలే దుంగలుంటాయి. వాటి మీద కాలేసి దాటినవాడికి అన్నం. దాటలేనివాడు నీళ్లలో. తర్వాత నీళ్ల బకెట్లు మోయాలి. చేతులు బారజాపి మోయాలి. దించితే డొక్కల్లో గుచ్చుకునేలా చేతులకి కత్తులు కట్టి ఉంటాయి. ఇంకో గదిలో పొడవాటి కర్ర చివరున్న సుత్తితో గంట కొట్టాలి, మణికట్టు బలం కోసం. సినిమాలో పెద్ద భాగం ఇదే. పగ తీర్చుకోవడం చివర్లో గబగబా అయిపోతుంది.

ఆ సినిమా నేను ఆ ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు చూశాను. ఎందుకో తర్వాత అర్థమైంది. ఆ ఆలయంలో కష్టానికి లెక్క ఉంది. నిన్న పడ్డావు, ఇవాళ దాటావు. ఎందుకు పడ్డావో కూడా తెలుస్తుంది. నా లోకంలో అది లేదు. రెండొందల పైచిలుకు అప్లికేషన్లు పెట్టాను. చాలావాటికి జవాబే లేదు. జవాబు వచ్చినా ‘మీ ప్రొఫైల్ మా అవసరాలకు సరిపోలేదు’ అనే ఒకే వాక్యం. ఏ అవసరం? ఎక్కడ సరిపోలేదు? ఎవరూ చెప్పరు. ఓడిపోవడం కన్నా, ఎందుకు ఓడిపోయామో తెలియకపోవడం ఎక్కువ బాధపెడుతుంది. ఉద్యోగం వెతికే ప్రతివాడికీ ఇది తెలుసు.

అందుకే నేనే ఒక గది కట్టుకున్నాను. రోజూ ఒక చిన్న టెక్నికల్ సమస్య తీసుకోవడం, పరిష్కరించడం, దాని గురించి ఒక పేజీ రాసి బ్లాగులో పెట్టడం. మొదటి నెల చదివింది నలుగురు. అందులో ఇద్దరు మా క్లాస్‌మేట్సే. కానీ సాయంత్రానికి ‘ఇవాళ ఇది దాటాను’ అనుకోవడానికి ఒకటి ఉండేది. 2021లో ఒక చిన్న కంపెనీలో సపోర్ట్ ఇంజినీర్ ఇంటర్వ్యూకి వెళ్తే, ‘లైనక్స్ సర్వర్‌లో ఫైల్ డిలీట్ చేసినా డిస్క్ ఖాళీ అవలేదు, ఎందుకు?’ అని అడిగారు. ఆ ఫైల్‌ని ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే అలా జరుగుతుంది. నేను రాసిన ఇరవయ్యో, ముప్పయ్యో పోస్టు అది. గడగడా చెప్పేశాను.

మరి పగ సంగతి?

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో నన్ను పొద్దున్నే లేపింది క్రమశిక్షణ కాదు, కోపం. నోట్‌బుక్ చివరి పేజీలో ఐదు పేర్లు రాసుకున్నాను. ‘మీవాడికి ఇంకా ఏమీ రాలేదా?’ అని అమ్మని అడిగిన పక్కింటి బాబాయ్ పేరు మొదటిది. మెయిల్ పంపి మాయమైన హెచ్చార్ మేడమ్ పేరు రెండోది. ఉద్యోగం వచ్చాక వీళ్ల ముందు కాలర్ ఎగరేయాలి. అదే నా క్లైమాక్స్.

ఉద్యోగం వచ్చింది. ఒక పెళ్లిలో బాబాయ్ ఎదురుపడ్డారు. ఆరోజు ఏమన్నారో ఆయనకి గుర్తే లేదు. భుజం మీద చెయ్యేసి, "మావాడికి కూడా మీ కంపెనీలో ఏదైనా చూడరా" అన్నారు, ప్రాధేయపడుతున్నట్టుగా. ఇంకోరోజు లింక్డ్‌ఇన్‌లో ఆ మేడమ్ ప్రొఫైల్ కనబడింది. ఫొటో చుట్టూ ‘ఓపెన్ టు వర్క్’ అని ఆకుపచ్చ గీత. ఆవిడా వెతుక్కుంటున్నారు! ఏడాదిపాటు నా విలన్‌గా పెట్టుకున్న మనిషి, నేను నిలబడ్డ క్యూలోనే నిలబడి ఉన్నారు.

అప్పుడు ఆ సినిమాల ముగింపులు మళ్లీ గుర్తుచేసుకున్నాను. ‘ది బిగ్ బాస్’లో ఐస్ ఫ్యాక్టరీ కూలీగా చేరిన హీరో పగ తీర్చుకున్నాక పోలీసులకి లొంగిపోతాడు. 1972లో వచ్చిన ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’లో గురువు చావుకి ప్రతీకారం తీర్చుకున్న చెన్ జెన్ తుపాకుల మీదికి ఎగిరి దూకుతాడు. గాల్లో ఉండగానే సినిమా ఆగిపోతుంది. ఒకడు జైలుకి, ఒకడు తూటాలకి. చౌక సినిమాలని వెక్కిరిస్తాం గానీ, పగకి ఎంత ఖర్చవుతుందో దాచకుండా చెప్పాయి. షావోలిన్ సినిమాలో మాత్రం హీరో బతికి, ఆలయానికి తిరిగొస్తాడు. బయటి మామూలు జనానికి నేర్పడానికి 36వ గది తెరుస్తాడు. పేరులో ఉన్న గది అదే. పగ తర్వాత చేయడానికి ఒక పని ఉన్నవాడు అతనొక్కడే.

కోపం పనికొస్తుంది కదా అని మీరు అడగొచ్చు. వస్తుంది. నన్ను కొన్ని నెలలు నడిపింది కూడా. కానీ డిలీట్ చేసినా ఖాళీ అవని ఆ ఫైల్ లాంటిదే అది. పని అయిపోయినా లోపల జాగా తింటూనే ఉంటుంది. పైగా కోపం మనల్ని తప్పు గదికి పంపిస్తుంది. మనకి ఏది నప్పుతుందో చూసుకోకుండా, ఎవరు కుళ్లుకుంటారో చూసి ఉద్యోగం ఎంచుకుంటాం. నా బ్యాచ్‌లో ఒకడు అలాగే బంధువుల నోళ్లు మూయించే పేరున్న కంపెనీలో చేరి, ఏడాది తిరక్కుండా మానేశాడు.

ఈ సినిమాలు చెప్పే ఒక అబద్ధం కూడా ఉంది. ఏళ్ల సాధన గంటలో చూపించి, చివర్లో గెలుపు ఖాయమంటాయి. బయట అది ఖాయం కాదు. నాకన్నా ఎక్కువ కష్టపడిన నా ఫ్రెండ్‌కి నాకన్నా ఆర్నెల్లు ఆలస్యంగా వచ్చింది. మార్కెట్ పడిపోయిన ఏడాది బయటికి రావడం మీ తప్పు కాదు. ఉద్యోగం రాలేదంటే కష్టపడలేదనే అర్థం అని ఎవరైనా అంటే నమ్మకండి. మన కథలో ఒక ముఖం ఉన్న విలన్ లేడు. ఖాళీలు తక్కువ, మనుషులు ఎక్కువ, చెప్పే దిక్కు లేదు. అలాంటిదాన్ని ఏ కాలితో తంతాం?

కాబట్టి ఇవాళ రాత్రికి చూడండి, తప్పులేదు. కానీ చూశాక నోట్‌బుక్ చివరి పేజీలో పేర్లు రాయకండి. మొదటి పేజీలో ఒక గది రాసుకోండి. సాయంత్రానికి దాటామో లేదో మీకే తెలిసిపోయేంత చిన్నది. ఒక ఎస్‌క్యూఎల్ ప్రశ్న, అద్దం ముందు రెండు నిమిషాల ఇంగ్లిష్, ఏదైనా సరే. దాటాక మీ వెనక వచ్చే జూనియర్‌కి అది నేర్పండి. నా బ్లాగులో ఇప్పుడు ఎక్కువగా ఉత్తరాలు రాసేది వాళ్లే.

మొన్న సెలవులకి ఇంటికెళ్తే మళ్లీ అదే సినిమా పెట్టుకున్నాను. నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. "ఇది చూసిందే కదరా" అన్నారు. "చూసిందే నాన్నా. ఆ దుంగల సీను కోసం పెట్టాను" అన్నాను. అది అయ్యేదాకా ఇద్దరం కూర్చున్నాం. ఫైటింగులు మొదలవగానే నాన్న లేచి వెళ్లిపోయారు.