వంటయింటి మాటలు: కైమా

గత మాసమున మేము పప్పుదినుసులను గూర్చి వ్రాసిన పిమ్మట నొక సోదరి మాకు జాబు వ్రాయుచు, “మీ హితవు శాకాహారులకే చాలుచున్నది. వారమున కొకమాఱైనను మాంసము వండుకొను మా బోంట్ల మాట యేమి? మా యింట అత్తగారికి పండ్లు లేవు. పసివారు ముక్క నమలలేరు. అందుచే కైమాయే వండుచున్నాము. అది యారోగ్యమునకు మంచిదేనా?” యని యడిగినది. ప్రశ్న యుచితముగ నున్నది. ఈ మాసమంతయు దానికే కేటాయించుచున్నాము. మాంసము ముట్టని సోదరీమణులు మన్నింతురు గాక. వారికిని కడపట రెండు మాటలు గలవు.

ఖీమా యను పేరు ఉర్దూ మూలమున మనకు వచ్చినది. కృష్ణాతీరమున మనము దానినే కైమా యనుచున్నాము. పేరు పరాయిదైనను వంటకము పరాయిది కాదు. ఆయుర్వేద గ్రంథములలో వేసవార మను వంటకము చెప్పబడినది. ఎముక లేని మాంసమును ముందుగా నుడికించి, పిదప ఱాతిపై నూఱి, బెల్లము, నేయి, పిప్పళ్లు, మిరియములు చేర్చుట దాని విధానము. అది జీర్ణమునకు బరువైనదనియు, బలకరమనియు, వాతహరమనియు వైద్యులు దాని గుణములను జెప్పిరి. ఇందు మేము పాఠకురాండ్ర దృష్టిని నిలుపగోరునది బెల్లము మీద గాదు, “ముందుగా నుడికించి” యను మాట మీద. మన ముస్లిము సోదరీమణులు శామీ కబాబులకు మాంసమును శనగపప్పును గలిపి యుడికించి పిదపనే నూఱుదురు. మన తీరప్రాంతమున సొరపిట్టు చేయువారును చేపను ఉడికించి, తోలు తీసి, ఆ మీదటనే వ్రేళ్లతో చిదుపుదురు. మూడు తావుల మూడు విధములైన వారు ఒకే క్రమమును పాటించుట ఊరక జరిగినది కాదని మా తలంపు.

దానికి కారణము నేటి శాస్త్రము స్పష్టముగా జెప్పుచున్నది. ముక్క గానున్న మాంసమునకు సూక్ష్మజీవులు చాల మట్టుకు పైభాగముననే యుండును. నిప్పు తగిలిన వెంటనే అవి నశించును. పచ్చిమాంసమును కైమా కొట్టినచో పైనున్నది లోపలికిని, లోపలిది పైకిని వచ్చి, ఆ జీవులు ముద్ద యంతటను వ్యాపించును. కత్తికిని యంత్రమునకును అంటియున్నవి కూడ దానిలో జేరును. అందుచేతనే మేక, గొఱ్ఱె మాంసముల కైమాకు నడిమి భాగమున 71 సెంటిగ్రేడు డిగ్రీల వేడియు, కోడి కైమాకు 74 డిగ్రీల వేడియు తగులవలెనని ఆహారశాస్త్రజ్ఞులు నియమించిరి. మన కైమా కూరకు ఆ భయము లేదు; అది కుక్కరులో కూతలు పెట్టి, మరల మూకుడులో ఇగిరినదాక వేగును. భయమంతయు కైమా యుండలయందును, కట్లెట్లయందును గలదు. పైన ఎఱ్ఱగా వేగి లోపల పచ్చిగా నుండుట వాని కలవాటు. ఒకదానిని త్రుంచి చూచి, లోన గులాబిరంగు గాని నెత్తుటి చాయగల రసము గాని కనబడినచో తక్కినవాని నన్నిటిని మరల పొయ్యి యెక్కింపవలయును.

ఇక కొనుట. ఆరోగ్యమంతయు నిక్కడనే నిర్ణయమగుచున్నది. మా భవానీపురమున ఆదివారము ప్రొద్దుట మాంసపు దుకాణముల ముందు సంచులు పట్టుకొని నిలుచువారిలో పురుషులే యెక్కువ. వారు అరకిలో కైమా యని యొక్కమాట చెప్పి, పత్రిక చదువుకొనుచు నిలుచుందురు. దుకాణదారు ముందే కొట్టి యుంచినది తూచి యిచ్చును. అందేమున్నదో కొన్నవారికి తెలియదు. కత్తి మొదలు చివరగా మిగిలిన తునుకలు, పొట్టక్రింది కొవ్వు, నరములు, పొరలు అన్నియు కైమాలో ఇమిడిపోవును. ముక్కలలో కనబడు లోపము కైమాలో కనబడదు. కావున కొట్టి యుంచిన కైమాను కొనరాదు. ముందు కండను ఎంచి, తూచించి, తరువాత కన్నులయెదుట కొట్టించుకొనవలెను. తొడ, భుజము ఈ రెండు భాగములును కైమాకు శ్రేష్ఠములు. మెడ రుచియే గాని పొరలు హెచ్చు. రొమ్ము, పక్కటెముకల చెంత నుండునది కొవ్వుమయము. కండకు అంటియున్న తెల్లని కొవ్వును తూకమునకు ముందే తీయించవలెను. దుకాణదారు ముఖము చిట్లించిన చిట్లించుగాక. తూచిన పిదప తీసినచో ఆ కొవ్వునకు వెల మనమే చెల్లించితిమి.

మేకమాంసమున కండలో కొవ్వు సహజముగా తక్కువ. దాని కొవ్వు చాల వఱకు మూత్రపిండముల చుట్టును కడుపులోను ప్రోగుపడును. ఆ విధముగా కొవ్వు తీసిన కండ 100 గ్రాములలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుండును. అది మిక్కిలి చల్లనిది గాని బరువైనది గాని కాదనియు, మానవశరీరధాతువులతో సామ్యము గలదనియు చరకుడు మేకమాంసమును మెచ్చుకొనినాడు. ముదురు పొట్టేలు మాంసము ఇంతకంటె కొవ్వుగలది. మాంసము రంగు నిగనిగలాడు ఎఱుపుగా, తాకిన బిగువుగా, వాసన లేక యుండవలెను. జిగురుగా నున్నను, అంచులు నల్లబడినను విడిచిపెట్టుడు. కబేళాయందు పశువైద్యుడు పరీక్షించి ముద్రవేసిన మాంసమే నమ్మదగినది. మాకు చేరువ విద్యాధరపురమున కబేళా యను పేరే యొక కూడలికి నిలిచియున్నది గాని, తాము కొన్న మాంసముపై ముద్ర యున్నదా యని చూచువారు మాత్రము అరుదు. కొట్టుటకు శుభ్రముగా గీకిన చింతమొద్దును కత్తియు మేలు. యంత్రమున వేయించువారు అది కడుగబడినదో లేదో చూచి, కోడిని వేసిన వెంటనే మన మాంసము వేయనీయకుండ చూచుకొనవలెను.

కోడి కైమా తేలిక గదా యని పలువురు సోదరీమణులందురు. అది సగము మాత్రమే నిజము. చర్మము తీసిన రొమ్ముభాగమునుండి కొట్టినది నిజముగనే తేలిక. చర్మముతో, చర్మము క్రింది పసుపుపచ్చని కొవ్వుతో కలిపి కొట్టినచో పేరు కోడిదైనను గుణము వేఱు. గుండెజబ్బు గల పెద్దలున్న యింట చర్మములేని రొమ్ము కైమాయో, చేపయో మంచిది. కాని ఇనుము విషయమున మేక కండకు కోడిరొమ్ము సాటిరాదు.

ఈ ఇనుము మాట చెప్పుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నామన్నను తప్పులేదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 58 మందికి మించి రక్తహీనులని తేలినది. అనగా మన వీథిలో ఎదురెదురిండ్ల గృహిణులలో ఒక్కరైనను రక్తహీనురాలగుటకే యవకాశ మెక్కువ. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము స్త్రీకి దినమునకు 29 మిల్లిగ్రాముల ఇనుము కావలెను. పురుషునికి 19 చాలును. అయినను మన యిండ్లలో జరుగుచున్న దేమి? ముక్కలన్నియు పురుషుల విస్తళ్లలోను పిల్లల కంచములలోను పడును. వండినయామె యందఱును లేచిన పిదప గిన్నె అడుగున మిగిలిన పులుసుతో అన్నము కలుపుకొని, “నాకు రుచి చూచినంతనే కడుపు నిండినది” అనును. ఎక్కువ అవసరము గలవారికి తక్కువ దక్కు ఈ పంపకమును మేము త్యాగ మని మెచ్చుకొనజాలము. కైమాలో నొక సౌకర్యమున్నది: అది ముక్కల లెక్కకు రాదు, గరిటె లెక్కకు వచ్చును. వడ్డన మొదలుపెట్టకముందే తన గరిటెను, ఈడేరిన ఆడపిల్ల గరిటెను వేఱు గిన్నెలో తీసియుంచినచో ఎవరును తప్పుపట్టరు. తప్పుపట్టినచో ఈ పత్రికను వారికి చూపవచ్చును.

మాంసమునందలి ఇనుము ఆకుకూరలయందలి ఇనుముకంటె సులభముగా వంటబట్టును. అంతేగాక తనతో కలిసి తినబడిన ఆకుకూరలలోని ఇనుమును గూడ వంటబట్టించును. మన పెద్దలు మాంసములో గోంగూర వేయుట పులుపు కొఱకే కావచ్చును గాని, ఫలితము మంచిదే. చుక్కకూర, మునగాకు, తోటకూర ఏదైనను కైమాతో కలియును. వడ్డించునపుడు నిమ్మరసము పిండుట మఱింత మేలు. భోజనము చేసిన వెంటనే తేనీరు త్రాగుట మాత్రము ఇనుమును వంటబట్టనీయదు, గంటసేపైన నాగవలెను. కైమాలో పిడికెడు కార్జము కలిపి కొట్టించుట రక్తహీనులకు మేలు. కాని కార్జమున ఏ విటమిను మిక్కుటము గనుక గర్భవతులకు దానిని పెట్టరాదు.

మా యింట అయిదుగురికి పావుకిలో కైమా చాలును. నానబెట్టిన శనగపప్పు ఒక గిన్నెడు, గోంగూర రెండు కట్టలు దానితో చేరినచో కూర నిండుగా నుండును, ఖర్చును తగ్గును. కైమాను ముందు నూనె లేకయే మందపు మూకుడులో సన్నని సెగమీద వేపవలెను. దాని కొవ్వే కరగి పైకి తేలును. మూకుడు వాల్చి దానిని గరిటెతో తీసివేసి, ఆ మీదట రెండు చెంచాల నూనెతో ఉల్లిపాయలు, అల్లము వెల్లుల్లి వేయించుకొనుడు. ఎఱ్ఱమాంసమును ఎంత తినవచ్చునో కూడ తెలిసికొనుట మంచిది. ప్రపంచ క్యాన్సరు పరిశోధన నిధి వారు 2018లో వారమునకు మనిషికి వండిన తూకమున 350 మొదలు 500 గ్రాములకు మించరాదనిరి. మేము చెప్పిన కొలత వారమున ఒకటి రెండుసార్లు వండినను ఆ హద్దునకు చాల దిగువనే యుండును.

కైమాను ఎన్నడును కుళాయి క్రింద కడుగరాదు. సారము నీటిలో పోవును, సూక్ష్మజీవులు పోవు. పైగా తుంపరలు ప్రక్కనున్న కూరగాయలపై పడును. ముక్కగా నున్నపుడే శుభ్రపఱచి, తుడిచి, కొట్టించుట సరి. మన బెజవాడ యెండలకు, వేడి 32 డిగ్రీలు దాటినపుడు పచ్చి కైమా గంటకు మించి బయట నుండరాదు. కావున దానిని కొనుట బజారు పనులలో చివరిది కావలెను. ఫ్రిజ్జులో ఒకటి రెండు దినములు మాత్రమే నిలువయుంచవచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నగరమున ఇండ్లు నీట మునిగి విద్యుత్తు లేక దినములు గడచినపుడు, ఫ్రిజ్జులోని వస్తువులను పారవేయుటకు మనసొప్పని గృహిణులెందఱో. నాలుగు గంటలు విద్యుత్తు లేనిచో పచ్చిమాంసమును పారవేయుటయే యుక్తము. వాసన రాకున్నంతమాత్రమున అది మంచిదని చెప్పుటకు వీలులేదు.

పెట్టెలలో వచ్చు సాసేజీలు, నగ్గెట్లు మొదలగువానిని మేము కైమాలో లెక్కింపము. వానియందు ఉప్పు మెండు. ఉప్పును నైట్రైటులను జేర్చి నిలువచేసిన మాంసము క్యాన్సరునకు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు జెందిన పరిశోధనా విభాగము 2015లో నిర్ణయించినది. పిల్లలు మారాము చేసినచో ఇంటిలో కైమా యుండలు చేసి పెట్టుడు.

కార్తీకమున మాంసము విడుచువారికిని, భవానీదీక్ష పట్టినవారి యిండ్లకును, ఎన్నడును ముట్టనివారికిని సోయా పలుకులు గలవు. నూనె తీసిన సోయా పిండితో చేయబడుటచే వాని బరువులో సుమారు సగము మాంసకృత్తులే. మాంసమునందుండు బి12 విటమిను మాత్రము వానిలో లేదు. పాలు, పెరుగుల వలన దానిని పొందవలెను. మరుగు నీటిలో పది నిమిషములు నానబెట్టి, రెండు మూడు నీళ్లు మార్చి, గట్టిగా పిండినగాని వాని పచ్చివాసన పోదు. తరువాత మూకుడులో పొడిపొడిగా వేపి, పైన చెప్పిన గోంగూరతోనే వండవచ్చును; దీక్షలోనున్నవారికి ఉల్లిపాయ, వెల్లుల్లి మాని, అల్లము, మిరియములు కొంచెము హెచ్చుగా వేయుడు.